పక్కన ఒక మనిషి పట్టేంత చోటు

తెల్లవారగానే ఆమె చేసే మొదటి పని అరచెయ్యి చూసుకోవడం. జాతకం కోసం కాదు. పార్కులో ఒక చెట్టు కింద నిలబడి, అరచేతిని మొహం ఎత్తున పట్టుకుని, ఉన్నచోటే మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. వేళ్ళ నీడ కత్తితో గీసినట్టు పడితే ఆ చోటు పనికిరాదు. మనుషుల కళ్ళ కింద గుంటలు పడతాయి. నీడ పాలలో నీళ్ళు కలిసినంత మెత్తగా పడితే పనికొస్తుంది. అప్పుడు కొంగు నడుముకి దోపుకుని ఇంటికి పరిగెత్తి, పొయ్యి వెలిగించి, అందరికీ కాఫీలు ఇచ్చి, మొగుడికి చెబుతుంది: "మొక్కల గాజు ఇంటి వెనక, ఏడున్నర నించి ఎనిమిదింపావు దాకా."

మొగుడు ఫోటోగ్రాఫరు. పెళ్ళి కుదిరిన జంటలు, పట్టా పుచ్చుకున్న పిల్లలు, నెలలు నిండుతున్న ఆడవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. ఆ పార్కు చుట్టూ నడిస్తే గంటన్నర పడుతుంది. అంత పార్కులో ఏ మూల ఏ వేళకి వెలుగుతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని ఊరంతా అంటుంది. ఊరు అనేది అంతే, తెలిసీ అంటుంది, తెలియకా అంటుంది. ఆయనకి తెలీదు. ఆమెకి తెలుసు.

పల్చటి ఆకుల చెట్టు కింద మనిషిని నిలబెడితే మొహమంతా మశూచి మచ్చల్లా ఎండ చుక్కలు పడతాయనీ, దట్టమైన చెట్టు నీడ అంచున నిలబెడితే అదే మొహం కడిగిన ముత్యంలా ఉంటుందనీ ఆమెకి తెలుసు. తోటమాలి ఏ రోజు ఏ గడ్డికి నీళ్ళు వదులుతాడో తెలుసు. వెదురు పొదల దగ్గర చీమలున్నాయి, కూర్చోబెట్టకూడదు. చెక్క వంతెన మీద మూడో పలక ఊగుతుంది, కొత్త పెళ్ళికూతురి మడమ ఇరుక్కుంటుంది. చీర మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది పార్కు మొత్తానికి ఒకటే, అది తూర్పు గేటు దగ్గర. ఫోటోకి వచ్చిన ఆడవాళ్ళు ముందు అడిగేది వెలుతురు గురించి కాదు, ఆ గది గురించి. ఆ సంగతి మొగుడికి ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. తట్టాల్సిన అవసరం పడలేదు, పక్కన పిన్నీసులు, దువ్వెన, తడిగుడ్డ పట్టుకుని ఆమె ఉంది కదా.

"మా కోడలికేం, పొద్దున్నే షికారుకి పోతుంది," అంటుంది అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళతో. "మా రోజుల్లో గుమ్మం దాటితే కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళు."

వంటింటి చాకిరీకి లెక్క కట్టమని అడిగేవాళ్ళం ఇవాళ కొందరమైనా ఉన్నాం. మొగుడి కోసం చెట్ల కింద నీడ వెతికే చాకిరీకి మాత్రం పేరే లేదు. పేరు లేని పనిని పనని ఎవరంటారు? షికారంటారు.

చోటు వెతకడంతో అయిపోదు. ఫోటో దిగేవాళ్ళు వచ్చేలోపు వాళ్ళు నిలబడబోయే చోట ముందు ఆమె నిలబడాలి. కెమెరా సరిచూసుకోవడానికి అతనికి ఒక మనిషి మొహం కావాలి. "కొంచెం ఎడమకి. గడ్డం ఎత్తు. అయింది, తప్పుకో." ఒకటో రెండో తీస్తాడు, చూసుకుంటాడు, అక్కడికక్కడే బొటనవేలితో చెరిపేస్తాడు. మొదట్లో చెరిపేవాడు కాదు. ఒకసారి ఎవరివో పెళ్ళి ఫోటోల మధ్యలో ఆమెది ఒకటి కలిసిపోయి వెళ్ళింది. పెళ్ళికొడుకు తల్లి ఫోన్ చేసి, "మధ్యలో ఈ పనిమనిషి ఎవరండీ?" అని అడిగింది. అతను పడీ పడీ నవ్వి, తీసేస్తానండీ అన్నాడు. ఆ నవ్వు ఆమె పక్కగదిలో అన్నం వారుస్తూ విన్నది. అప్పటినించీ బొటనవేలు అలవాటైంది.

అలా కొన్ని వేలసార్లు తీశాడు ఆమెని. ఇంట్లో ఆమె ఫోటోలు మాత్రం రెండే ఉన్నాయి. ఒకటి పెళ్ళిది, రెండోది బ్యాంకు పుస్తకం మీది.

ఆమె తల్లి కొడుకు దగ్గర, అంటే ఈమె అన్నావదినల ఇంట్లో, బస్సులో ఆరు గంటల దూరంలో ఉండేది. ఒక ఏడు గుండె పరీక్షలకని కూతురింటికి వచ్చింది. డాక్టరు చూసి, తల్లిని బయట కూర్చోమని, కూతురితో విడిగా మాట్లాడాడు. గుండె బాగా బలహీనపడిందన్నాడు. పెద్ద వైద్యం తట్టుకునే ఒళ్ళు కాదన్నాడు. ఆమె బయటికొచ్చి, మందులు మార్చారమ్మా అని చెప్పింది. తల్లి ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగలేదు. ఆటోలో మాత్రం, బజారులో కొనాల్సిందేదో గుర్తొచ్చినట్టు తేలిగ్గా, "నీతో ఒక ఫోటో దిగాలే అమ్మాయ్. మన ఇద్దరిదీ ఒక్కటీ లేదు," అంది.

లేదు. నిజంగానే లేదు. పెళ్ళి ఆల్బం మొత్తం తిరగేసినా తల్లి కనపడదు. ఆ రోజంతా వంటల దగ్గర ఉండిపోయింది. "అందరూ తిన్నారా లేదా చూసుకునేవాళ్ళు ఒకళ్ళుండాలి కదే," అంది అప్పట్లో. చిన్నప్పుడు ఫోటోలు తీయించే ఇల్లు కాదు. ఇప్పుడు చేతిలో ఫోనుంది. కానీ అది మొగుడు వాడి పారేసింది, దాని కెమెరా ఎప్పుడో చచ్చింది. ఫోటోగ్రాఫరు పెళ్ళాం చేతిలో కెమెరా లేని ఫోను. అతని ఫోనుతో తియ్యమంటే చిరాకుపడ్డాడు. "మన ఇంట్లో ఫోన్‌తో ఫోటోలేంటి, నలుగురూ నవ్వుతారు. అత్తయ్యగారికి సరైన ఫోటో తీస్తాను. నువ్వు చోటు చూడు."

నువ్వు చోటు చూడు. ఆ మాటకి ఆమె ఎంత సంబరపడిందో చెబితే మీకు నవ్వొస్తుంది, నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళలో తన కోసం వెతికే మొదటి చోటు. తల్లి ఉన్న పదిరోజుల్లో ఎనిమిది రోజులు అదే పని. తల్లికి మోకాళ్ళు వంగవు, కాబట్టి నేల మీద కూర్చోబెట్టకూడదు. నడిపించకూడదు, గేటుకి దగ్గరుండాలి. కళ్ళకి ఎండ తగిలితే నీళ్ళు కారతాయి, కాబట్టి ఎదురు ఎండ వద్దు. వెనక చెత్తబుట్ట కనపడకూడదు, కుక్కల్ని తిప్పేవాళ్ళ దారి కాకూడదు. తల్లిది చామనఛాయ, వెనక నల్లటి పొదలుంటే మొహం కలిసిపోతుంది. ఊరివాళ్ళ కోసం వెతికేటప్పుడు రెండు రోజుల్లో తేల్చేసే మనిషి ఎనిమిది రోజులూ వంకలు పెట్టుకుంది.

తొమ్మిదో రోజు దొరికింది. చెరువు పక్కన, పడమటి గేటుకి వంద అడుగుల్లో, కుర్చీ ఎత్తున ఒక చదునైన రాయి. ఇద్దరు సర్దుకుని కూర్చోవచ్చు. పైన పెద్ద కొమ్మ, ఎదురుగా నీళ్ళు. పొద్దున ఏడూ నలభైకి ఎండ నీళ్ళ మీద పడి, అక్కడినించి లేచి రాయి మీదకి వస్తుంది. కింది నించి వచ్చే వెలుతురు ముసలి మొహాల్లో ముడతల్ని ఊరడిస్తుంది. ఇరవై నిమిషాలుంటుంది. తర్వాత పోతుంది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను కాఫీ పక్కన పెట్టి, "ఇద్దరు కూర్చోవచ్చా?" అని అడిగాడు. కూర్చోవచ్చంది. "నీళ్ళ వెలుతురా? భలే. రేపు పొద్దున తల్లీకూతుళ్ళు వస్తున్నారు. ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళిపోతోందట, వాళ్ళమ్మతో దిగుతుందట. దానికి సరిగ్గా సరిపోతుంది."

"అమ్మ కోసం చూశానండీ అది."

"అయితే ఏమైంది? వాళ్ళని తీశాక మీదీ తీస్తాను. రాయి ఎక్కడికైనా పారిపోతుందా?"

రాయి పారిపోదు. వెలుతురు పారిపోతుంది. అది అతనికి చెప్పాలా? చెప్పలేదు ఆమె. పదో రోజు మధ్యాహ్నం బస్సుకి తల్లి ప్రయాణం.

పదో రోజు పొద్దున తల్లి ఉతికి మడతపెట్టి దాచుకున్న చీర కట్టుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చి రాయి మీద కూర్చుంది. నీళ్ళని చూసి, "ఇంత మంచి చోటు ఎలా పట్టావే?" అంది. అంతవరకూ ఆ మాట ఆమెని అడిగినవాళ్ళు లేరు. తల్లీకూతుళ్ళు అప్పుడే కారు దిగి వస్తున్నారు. అతను కెమెరా సరిచూసుకుంటూ, "అత్తయ్యగారూ, మీరలాగే ఉండండి. నువ్వు పక్కన కూర్చో. ఇద్దరి మొహాలూ కావాలి నాకు," అన్నాడు.

ఆమె కూర్చుంది. తల్లి కొంగు సర్దుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి, కెమెరాకేసి తిరిగింది. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందంటే, చెట్టు మీంచి ఏదో రాలిందనుకుంది ఆమె. టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. "అయింది, తప్పుకోండి."

ఆమె లేచి, తల్లిని లేవదీసి, పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, వచ్చిన అమ్మాయి పమిట పిన్నీసు సరిచెయ్యడానికి వెళ్తూ, దారిలో మొగుడి భుజం మీంచి చూసింది. కెమెరా వెనక చిన్న తెరలో ఇద్దరున్నారు. తల్లి నవ్వుతోంది. పళ్ళు రెండు లేవు, అయినా దాచుకోకుండా నవ్వుతోంది. కూతురు కెమెరాని కాదు, తల్లిని చూస్తోంది. వేలసార్లు తప్పుకున్న మనిషి ఆ ఒక్కసారి ఫోటోలో ఉంది.

బొటనవేలు కదిలింది. ఒకటి పోయింది. రెండోది పోయింది.

ఆమె నోట్లో మాట ఉంది. ఉంచండి, అనాలి. మూడక్షరాలు. పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. వచ్చినావిడ, "ఎక్కడ కూర్చోమంటారు?" అని అడుగుతోంది. మీరెవరైనా ఈ ఘట్టం చదివి, అప్పుడే అరవాల్సిందమ్మా అంటారు. నేనూ అన్నాను. ఇరవై ఏళ్ళు నోరు కుట్టేసి ఒక్క నిమిషంలో అరవమంటే, గొంతు కూడా తనకి అరవడం వచ్చునని మర్చిపోయి ఉంటుంది.

ఇరవై నిమిషాలూ వచ్చినవాళ్ళకే సరిపోయాయి. ఆ అమ్మాయి ఏడ్చింది, కాటుక కారింది, ఆమె తడిగుడ్డతో తుడిచింది. అయ్యేసరికి ఎండ రాయి దాటిపోయింది. అతను ఆకాశం చూసి పెదవి విరిచాడు. "ఇప్పుడు తీస్తే బాగుండదు. ఈసారి వచ్చినప్పుడు తీద్దాంలే." తల్లి విన్నదేమోనని ఆమె బెంచీకేసి చూసింది. తల్లి వినలేదు. బెంచీ మీంచే చెయ్యి ఊపి, దగ్గరికి పిలిచి అడిగింది.

"మనది బాగా వచ్చిందా?"

తల్లికి ఆ టక్కుమన్న చప్పుడే ఫోటో. అల్లుడు తీశాడు, అయిపోయింది. చెరిపేస్తారన్నది ఆవిడ ఊహలో లేదు. ఉండటానికి ఆవిడేమన్నా ఫోటోగ్రాఫరు పెళ్ళామా?

"చాలా బాగా వచ్చిందమ్మా," అంది ఆమె.

"నవ్వానా?"

"నవ్వావు."

"పళ్ళు కనపడ్డాయా?"

"కనపడితే ఏమైంది? అందంగా ఉన్నావు."

ఆ అబద్ధంలో నూటికి తొంభై పాళ్ళు నిజమే. అదే ఆమెని తినేసింది.

తల్లి ఊరెళ్ళాక ప్రతి ఆదివారం ఫోనులో అడిగేది. ఫ్రేము కడుతున్నారని ఒకసారి, అద్దం పగిలిందని ఒకసారి, ఆయనకి పని ఎక్కువగా ఉందని ఒకసారి చెప్పింది. "తొందరేం లేదులే, ఉందిగా," అనేది తల్లి. మొగుణ్ణి అడిగింది, ఆ రెండూ ఎలాగైనా వెనక్కి వస్తాయా అని. "ఏ రెండూ?" అన్నాడు. చెప్పింది. "ఓహ్, వెలుతురు చూసినవా? ఆ కెమెరా కార్డు మీద ఈపాటికి నాలుగు పెళ్ళిళ్ళు ఎక్కి ఉంటాయి," అన్నాడు. పోనీ అమ్మ దగ్గరికి ఒకరోజు వెళ్ళి తీసొద్దామంది. సీజను అవనీ అన్నాడు. వెళ్తానంటే అత్తగారు, "మొన్ననే కదా పదిరోజులుండి వెళ్ళింది మీ అమ్మ," అంది.

నాలుగో నెలలో తల్లి నిద్రలోనే పోయింది. పొద్దున లేపడానికి వెళ్ళిన వదిన చూసింది.

కర్మలన్నీ అయ్యాక, ఆమె తిరిగొచ్చిన వారానికి వదిన ఫోన్ చేసింది. వదిన చెడ్డది కాదు, పదేళ్ళు ఆమె తల్లి మందులూ మాకులూ చూసిన మనిషి. "అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఫోటో సంగతే చెప్పేది. నీళ్ళ పక్కన, రాయి మీద, మా అమ్మాయి నేను అని. చూడకుండానే పోయింది పాపం. నువ్వు పంపితే హాల్లో పెడతాను. ఎదురుగోడ ఖాళీ చేసి ఉంచాను." ఆమె అలాగే వదినా అంది. తర్వాత స్నానాలగదిలోకి పోయి, నీళ్ళు చప్పుడయ్యేలా వదిలి, బకెట్టు నిండి పొర్లిపోయేదాకా ఏడ్చింది.

మొగుడు కూడా చెడ్డవాడని నేననను. ఆ ఎర్రకళ్ళు చూసి పాపమనిపించింది అతనికి. రాత్రంతా ఆలోచించానని చెప్పి, పొద్దున్నే ఒక ఉపాయంతో వచ్చాడు. వదిన ఎప్పుడో పంపిన తన కూతురి పుట్టినరోజు ఫోటో ఉంది. అందులో తల్లి కిటికీ పక్కన కూర్చుని నవ్వుతోంది. "ఆవిణ్ణి అందులోంచి తీసి, ఆ రాయి మీద కూర్చోబెట్టేస్తాను. నువ్వు వెళ్ళి పక్కన కూర్చో, నిన్ను తీస్తాను. రెండూ కలిపేస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు. ఒకటే చిక్కు. ఆవిడ మీద వెలుతురు ఎడమ నించి పడింది. ఆ రాయి మీద ఎడమ వెలుతురు ఎప్పుడొస్తుందో చూసి చెప్పు."

మెచ్చుకుంటుందేమోనని మొహంలోకి చూశాడు. ఆమె లేచింది. అలవాటు పడ్డ కాళ్ళు పార్కుకి నడిచాయి. అలవాటు పడ్డ అరచెయ్యి లేచింది. తల్లి లేని తల్లి ఫోటోకి కూడా నీడ ఆమే వెతికింది. సాయంత్రం, అయిదు నిమిషాలు తక్కువ నాలుగున్నరకి, ఎడమ నించి పడుతుంది.

నాలుగింటికి ఇద్దరూ వెళ్ళారు. ఆమె రాయి మీద కూర్చుంది. అతను కెమెరాలోంచి చూశాడు.

"కొంచెం కుడికి జరుగు. ఇంకొంచెం. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదులు."

వదిలింది.

"అంత కాదు. మీ అమ్మ సన్నం కదా. కొంచెం దగ్గరికి రా. ఆఁ. ఇప్పుడు చెయ్యి ఎత్తి ఆవిడ భుజం చుట్టూ వేసినట్టు పెట్టు. ఇంకా కిందికి. రెండంగుళాలు కిందికి, ఆవిడ పొట్టి."

ఆమె చెయ్యి గాలిలో ఉంది. రెండంగుళాలు దించింది. దించుతుంటే తెలిసింది, తల్లి భుజం ఎంత ఎత్తులో ఉండేదో తనకి తెలీదని. ఆ రోజు భుజం మీద చెయ్యి వేసింది తల్లి, తను కాదు. తన రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, పిలవగానే లేవడానికి వీలుగా. ఎప్పుడూ తల్లి మీద చెయ్యి వేసి కూర్చోలేదు. ఇప్పుడు వేస్తోంది, గాలి మీద, మొగుడు కొలిచి చెప్పిన ఎత్తులో.

"చూపు అటు. మీ అమ్మని చూస్తున్నట్టు. కొంచెం నవ్వు."

చేతిలో నొప్పి మొదలైంది. అటు తిరిగింది. అక్కడ రాయి ఉంది, రాయి మీద కొద్దిగా పాకుడు ఉంది, ఒక చీమ ఉంది.

"వెలుతురు పోతోంది, నవ్వు తొందరగా."

ఆమె చెయ్యి దించేసింది. "వద్దండీ," అంది.

"ఏం వద్దు? ఇంకో రెండు నిమిషాలే ఉంది."

"పోనివ్వండి."

అతను కెమెరా కళ్ళ మీంచి దించాడు. చోటు ఆమెదే, వేళ ఆమెదే, తను ఇంత కష్టపడి ఆమె కోసం కాక ఎవరి కోసం చేస్తున్నట్టని అడిగాడు. మీ వదినకి ఏం చెబుతావన్నాడు. తీశాక నచ్చకపోతే చెరిపేద్దాంలే అన్నాడు. ఆ ఆఖరి మాట ఎలాంటిదో అనేటప్పుడు కూడా అతనికి తట్టలేదు.

ఆమె లేచి, చెరువు గట్టు మీదకి నాలుగడుగులు నడిచి, ఫోను తీసి వదినకి కలిపింది. వదిన ఎత్తగానే, "ఫోటో బయల్దేరిందా?" అంది.

"ఫోటో లేదు వదినా."

"అదేంటి? తీశారన్నావు కదా."

"తీశారు. తీసి, నిమిషం తిరక్కుండా చెరిపేశారు. వేరేవాళ్ళ కోసం వెలుతురు చూడ్డానికి మమ్మల్ని కూర్చోబెట్టారు అంతే. అమ్మకి ఆ సంగతి తెలీదు."

అటు పక్క కుక్కరు కూత వినపడి, ఆగింది. వదిన పొయ్యి ఆపివచ్చినట్టుంది. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"చెరిపేస్తుంటే నువ్వెక్కడున్నావే?"

"పక్కనే ఉన్నాను. చూస్తున్నాను."

"మరి ఉంచమనలేదా?"

వెనకనించి మొగుడు వస్తున్నాడు. ఇవన్నీ ఇప్పుడెందుకు, ఇంటికి పోయి మాట్లాడుకుందాం అంటున్నాడు. ఆమె వెనక్కి తిరిగి, అతను వినేలాగే చెప్పింది.

"అనలేదు వదినా. వాళ్ళకి వెలుతురు పోతుందని ఊరుకున్నాను. ఆ గోడకి ఇంకేదైనా తగిలించు. అమ్మతో చెప్పిన అబద్ధం నాది, దానికి ఫ్రేము కట్టించి నీకు పంపలేను. రేపు పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను. అమ్మ భుజం నీకు ఎక్కడిదాకా వచ్చేదో నువ్వు నాకు చూపించాలి."